వాట్లను కాటా వేద్దాం!

గదిలో కదలకుండా నిలబడ్డ సైకిలు ‘ఇవాళ 200 వాట్లు తొక్కావు’ అంటుంది. కొబ్బరి తూచే కాటాకు ముద్ర ఉంది. పెట్రోలు పోసే పంపుకూ ముద్ర ఉంది. మరి ఈ అంకెకు ముద్ర వేసేదెవరు? ఇంట్లోనే, చేతికందే సరంజామాతో దాన్ని పరీక్షించుకునే దారులున్నాయి.

ఆటలు తెలిసినవాళ్లకు అమలాపురం అనగానే గుర్తొచ్చే అంకె 565. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామా ప్రాంతం, సోకా పట్టణంలో యోనెక్స్ కర్మాగారం వ్యాయామశాలలో మన బ్యాడ్మింటన్ ఆటగాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగం అందుకుంది. మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరున 2013 మే నుంచి చెక్కుచెదరని 493 రికార్డు దాంతో చెదిరిపోయింది. గిన్నిస్ వాళ్లు ఆ అంకెను ఎవరో చెప్పగా రాసుకోలేదు. ఆ రోజు అక్కడ తీసిన కొలతల ఫలితాలు చూశాకే ఒప్పుకున్నారు. కొట్టింది సాత్విక్ భుజమే అయినా, అది రికార్డుగా నిలిచింది మాత్రం కొలిచిన తీరు వల్ల.

అంకెల విలువ కోనసీమకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ అంకెల్ని బట్టే లంకల్లో పశువుల్ని మెరకకు తోలుకెళతారు, సామాను అటక ఎక్కిస్తారు. 2022 జులైలో బ్యారేజీ నుంచి వదిలిన వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక దారులు నీళ్లకిందే ఉండిపోయాయి.

అలాంటి రోజుల్లో సైకిలు తొక్కాలని సరదా పడేవాళ్లకు ఇల్లే దిక్కు. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున సోలార్ పలకల కప్పుతో సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో తెరుచుకుంది. మనకు అలాంటి కప్పు లేదు. వానొచ్చినా, ఎండ మండినా, లారీల రద్దీకి జడిసినా మిగిలేది హాల్లో ఓ మూల పెట్టుకునే ఇండోర్ ట్రైనరే. వెనక చక్రం తీసి సైకిలును దానికి బిగిస్తే చాలు. పెడలు తొక్కుతుంటే ఎదుట తెర మీద వాట్లు కనిపిస్తాయి. వేలల్లో మొదలై లక్ష దాటే ధర పెట్టి ఇంతా చేస్తే చేతికొచ్చేది ఆ అంకె ఒక్కటే. అది తప్పయితే?

వేగం చెప్పని మాట

అసలు వాట్లెందుకు, కిలోమీటర్లు చాలవా అంటే, చాలవు. తొక్కినవాడు ఎంత కష్టపడ్డాడో వేగం చెప్పదు. మనిషి, సైకిలు కలిపి 80 కిలోలు అనుకుందాం. గాలి ఊసే లేని పొద్దుపొద్దున్నే చదునైన తారురోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోవడానికి సుమారు 150 వాట్లు కావాలి. అదే మనిషి మధ్యాహ్నం రాజోలు నుంచి అంతర్వేది వైపు బయల్దేరాడు. సముద్రం మీంచి గంటకు 10 కిలోమీటర్ల గాలి ఎదురైంది. అదే 30 వేగం నిలబెట్టుకోవాలంటే ఇప్పుడు 240 వాట్లు పెట్టాలి. స్పీడోమీటరులో తేడా లేదు, కష్టం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది.

కాలవ గట్టు మీద 60 కిలోల కొబ్బరికాయలు కట్టుకుని గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోయే మనిషికీ ఈ లెక్క వేయొచ్చు. బరువుకు టైరు నొక్కుకుంటుంది, మట్టిదారి లాగుతుంది, గాలి అడ్డు మాత్రం తక్కువ. అన్నీ కలిపితే దాదాపు 60 వాట్లు. వేగం చూసి ఈయన్ని, రేసు సైకిలు కుర్రాణ్ణి పోల్చలేం. వాట్లలో అయితే ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టొచ్చు.

గుండె వేగం చూసుకుంటే సరిపోతుందిగా అనేవాళ్లూ ఉన్నారు. రాత్రి నిద్ర చాలకపోయినా, కాఫీ ఒకటి ఎక్కువ పడినా గుండె లెక్క మారిపోతుంది. అందులోనూ మన ఉక్కపోతలో ఒకే శ్రమతో గంటసేపు తొక్కినా గుండె వేగం పోనుపోను పెరుగుతుంది. అందుకే కాలు చేసిన పనిని నేరుగా కొలవాల్సి వచ్చింది.

ఇనుము వంగితే అంకె

పెడల్ మీద కాలు వేసి తొక్కినప్పుడు క్రాంకు కంటికి కనపడనంత వంగుతుంది. ఆ వంపు ఎక్కువైతే బలం ఎక్కువన్నమాట. లోహపు రేకును వెంట్రుకంత సన్నటి గీతలుగా మలిచి క్రాంకుకు అతికిస్తే, వంగినప్పుడల్లా ఆ రేకులో కరెంటు నిరోధం కాస్త మారుతుంది. దాన్నే స్ట్రెయిన్ గేజ్ అంటారు. అలా తెలిసిన మెలితిప్పు బలాన్ని క్రాంకు తిరిగే వేగంతో గుణిస్తే వాట్లు వస్తాయి. నిమిషానికి 90 చుట్లు తిప్పుతూ 200 వాట్లు పెడుతున్నారంటే క్రాంకు మీద పడేది సుమారు 21 న్యూటన్ మీటర్ల మెలితిప్పు బలం.

కొలిచి తొక్కడం పాత విద్యే. 1950ల్లో స్వీడన్‌లో రూపుదిద్దుకున్న మోనార్క్ ఎర్గోమీటర్‌లో చక్రం చుట్టూ పట్టీ ఉంటుంది. పట్టీ ఎంత బిగిస్తే అంత బరువు. అది సరిగ్గా చూపిస్తోందో లేదో తెలుసుకోవాలంటే తెలిసిన తూకం వేలాడదీసి చూసేవాళ్లు. ఆ కొలతను ప్రయోగశాల దాటించి రోడ్డు మీదికి తెచ్చినవాడు జర్మన్ ఇంజినీరు ఉల్రిచ్ షోబరర్. 1986లో ఆయన క్రాంకులోనే గేజులు అమర్చాడు. ఆయన స్థాపించిన ఎస్‌ఆర్‌ఎం పేరు ఈ రంగంలో ఇప్పటికీ వినిపిస్తుంది. టూర్ ద ఫ్రాన్స్‌ను మూడుసార్లు గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ ఆ పవర్ మీటరును మొదట్లోనే వాడినవాళ్లలో ఒకడు.

2012 వచ్చేసరికి రెండు మార్పులు జరిగాయి. ఎడమ క్రాంకుకు మాత్రమే గేజు పెట్టి, వచ్చిన అంకెను రెండుతో గుణించే స్టేజెస్ మీటరు ధరను కిందికి దించింది. వెనక చక్రం పీకేసి నేరుగా బిగించే వాహూ కికర్ ట్రైనరు ఇళ్లలోకి వచ్చింది. ఆ తర్వాత పెడల్‌లోనే కొలిచే గార్మిన్ వెక్టర్, ఫవేరో అసియోమా వరస కట్టాయి.

‘రెండుతో గుణించడం’ దగ్గరే మొదటి మెలిక ఉంది. అందరికీ రెండు కాళ్లూ సమానంగా పనిచేయవు. ఎడమకాలు 48 పాళ్లు, కుడికాలు 52 పాళ్లు మోస్తున్నాయనుకుంటే గుణకారం 96 అనే చెబుతుంది. నూటికి నాలుగు గల్లంతు. అలసిపోయాక కాళ్ల వాటా మారిందంటే ఆ తప్పు కూడా మారుతుంది.

పెట్టె మీది ఒక శాతం

పెట్రోలు బంకులో అనుమానమొస్తే 5 లీటర్ల కొలపాత్రలో పోయించి చూడమని అడగొచ్చు. 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు. అంటే అర శాతం. కొట్లో ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. తూకం రాళ్లకైతే రెండేళ్లకోసారి. 2011 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న లీగల్ మెట్రాలజీ చట్టం కింద ఇదంతా నడుస్తుంది. పవర్ మీటరుతో ఎవరూ సరుకు తూచి అమ్మరు కాబట్టి దాని దగ్గరికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. పెట్టె మీద ‘ప్లస్ ఆర్ మైనస్ 1 శాతం’ అనో, 2 శాతం అనో అచ్చేసి ఉంటుంది. అది కంపెనీ తన సరుకు గురించి తాను చెప్పుకున్న మాట.

ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో స్విట్జర్లాండ్ పరిశోధకులు పరీక్షించారు. తొమ్మిది కంపెనీలు చేసిన 54 పవర్ మీటర్లను తీసుకుని, ఏటవాలుగా తిరిగే పెద్ద ట్రెడ్‌మిల్ మీద సైకిలు తొక్కించారు. వాలు తెలుసు, బరువు తెలుసు, వేగం తెలుసు. వీటినుంచి ఎన్ని వాట్లు పట్టాలో గణితమే చెబుతుంది. 2017లో అచ్చయిన ఆ ఫలితాల్లో సగటు తేడా మైనస్ 0.9 శాతమే. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మీటరుకూ మీటరుకూ మధ్య చెదురు 3.2 శాతం. కొన్ని 5 శాతం కూడా దాటాయి. అంటే మొత్తం మీద కంపెనీల మాట మరీ అబద్ధమేమీ కాదు, అయితే మీ చేతికొచ్చిన ఆ ఒక్క మీటరు సంగతి మాత్రం సగటు చెప్పదు.

కొండ ఉంటే అదే లెక్క మనమూ వేసుకోవచ్చు. 85 కిలోల మొత్తం బరువును 300 మీటర్ల ఎత్తుకు 20 నిమిషాల్లో ఎక్కిస్తే కేవలం భూమ్యాకర్షణను గెలవడానికే 208 వాట్లు పోతాయి. గాలికి, టైర్లకు మరికాస్త. మారేడుమిల్లి ఘాట్ దగ్గరివాళ్లకు ఇది వీలవుతుంది. కోనసీమలో ఎక్కడమంటే వశిష్ఠ మీద చించినాడ వంతెన, గౌతమి మీద యెదుర్లంక వంతెన ఎక్కడమే. నిమిషంలో అయిపోయే ఎక్కుడుతో తీర్పు చెప్పలేం. కొండ లేని ఊళ్లో తూకం ప్లేటే గతి.

ఇరవై కిలోల ప్లేటు

అమలాపురంలో ఓ కుర్రాడు కొత్తగా పవర్ మీటరు పెడళ్లు కొన్నాడనుకుందాం. జిమ్ నుంచి 20 అని పోతపోసిన ఇనప ప్లేటు తెచ్చుకున్నాడు. మొదట చేయాల్సింది ఆ ప్లేటును నమ్మకపోవడం. అంబాజీపేటలో కొబ్బరి వర్తకుడి కొట్టుకు దాన్ని తీసుకెళితే మాటలు ఇలా సాగొచ్చు.

“బాబాయి గారండీ, ఈ ప్లేటు ఓసారి కాటా మీద పెట్టనిస్తారా?”

“ఇనుం అమ్మేత్తావేంట్రా అబ్బాయ్?”

“అమ్మడానిక్కాదండీ. నా సైకిలు అబద్ధం ఆడుతోందేమోనని అనుమానవండి.”

“ఆయ్! సైకిళ్లు కూడా మొదలెట్టేసాయా!”

ముద్ర ఉన్న కాటా ఆ ప్లేటును 19.62 కిలోలు అంది. ఇక్కడే సగం పని అయిపోయింది. ప్లేటు మీది 20ని నమ్మి లెక్కేసుంటే, మంచి మీటరు మీద 1.9 శాతం నింద పడేది.

ఇంటికొచ్చాక వెనక బ్రేకు బిగించి కట్టి, క్రాంకును నేలకు సమాంతరంగా నిలపాలి. బరువేమీ లేకుండా ముందు సున్నా చేయాలి. ఆ తర్వాత గట్టి పట్టీతో ప్లేటును పెడల్ ఇరుసుకు వేలాడదీసి, ఊగడం ఆగాక యాప్‌లో టార్క్, అంటే మెలితిప్పు బలం ఎంతో చదవాలి. రావలసిందెంత? బరువును భూమ్యాకర్షణతో, క్రాంకు పొడవుతో గుణించాలి. క్రాంకు 170 మిల్లీమీటర్లయితే 19.62 × 9.785 × 0.170. అంటే 32.64 న్యూటన్ మీటర్లు.

బడి పుస్తకంలో 9.8 అని ఉంటే ఈ 9.785 ఎక్కణ్ణుంచి వచ్చింది? భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బుగా ఉంటుంది, పైగా గిర్రున తిరుగుతుంది. అందువల్ల భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఆకర్షణ పలచబడుతుంది. అమలాపురం ఉన్నది 16.6 డిగ్రీల అక్షాంశం మీద. ఎస్‌ఆర్‌ఎం సంస్థ నడిచే జర్మనీలోని యూలిష్ ఉన్నది 51 డిగ్రీల దగ్గర. అదే ప్లేటు అక్కడ పెడల్‌ను మన దగ్గరకంటే పావు శాతం పైచిలుకు ఎక్కువగా లాగుతుంది. ఒక శాతం కోసం కొట్లాడుకునే చోట పావు శాతం చిన్నదేం కాదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. క్రాంకు సమాంతరం నుంచి 5 డిగ్రీలు వాలిందా, 0.4 శాతం పోయినట్టే. వడ్రంగి రసమట్టం పెట్టి చూసుకోవడం మేలు. ఇక పెడల్ మీటరుకు క్రాంకు పొడవు మనమే చెప్పాలి. 170 ఉన్నచోట పొరపాటున 172.5 అని కొట్టామా, జీవితాంతం ఒకటిన్నర శాతం ఎక్కువ చూపిస్తుంది. వాడుకలో కనిపించే తప్పుల్లో ఇంత తేలిగ్గా దిద్దుకోగలిగింది మరొకటి లేదు.

కుడివైపు కూడా ఇదే వరస. వేలాడే ప్లేటు బలం లెక్కనే పరీక్షిస్తుంది, చుట్ల లెక్కను కాదు. దాన్ని గడియారం పెట్టుకుని నిమిషంపాటు ఓ మోకాలు ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కబెట్టి సరిచూసుకోవచ్చు.

ఇద్దరు సాక్షులు

ట్రైనరుకు ప్లేటు వేలాడదీయలేం. దానికి ఎదుట ఇంకో సాక్షిని నిలబెట్టాలి. పెడల్ మీటరు ఉన్న సైకిలును ట్రైనరుకు బిగించి, ఒకే తొక్కుడును రెండింటిలో విడివిడిగా రికార్డు చేస్తారు. పెడల్ అంకెను వాచీ రాసుకుంటుంది, ట్రైనరు అంకెను ఫోను రాసుకుంటుంది.

ఇక్కడ తెలియక చాలామంది పప్పులో కాలేస్తారు. కొన్ని యాప్‌లలో పవర్ మ్యాచ్ అనే సదుపాయం ఉంటుంది. ట్రైనరు తన సొంత కొలత పక్కనపెట్టి, పెడల్ చెప్పినదాని ప్రకారం బరువు సర్దుకుంటుంది. అది ఆన్‌లో ఉండగా పోల్చితే రెండు గీతలూ ముచ్చటగా కలిసిపోతాయి. సాక్షి సొంత మాట చెప్పకుండా పక్కవాడి మాటే వల్లిస్తున్నాడు మరి! దాన్ని ఆపేయాలి. తెర మీద గీత నున్నగా కనిపించేందుకు ఎగుడుదిగుళ్లు చదును చేసే స్మూతింగ్‌నూ ఆపేయాలి.

పది పదిహేను నిమిషాలు వేడెక్కే దాకా తొక్కి, రెండింటినీ సున్నా చేశాక పరీక్ష మొదలవుతుంది. 100, 150, 200, 250 వాట్ల దగ్గర నాలుగేసి నిమిషాలు నిలకడగా తొక్కాలి. తర్వాత 200 దగ్గరే నిమిషానికి 60 చుట్లతో ఓసారి, 100 చుట్లతో ఓసారి. పెద్ద పళ్లచక్రం మీద, చిన్న పళ్లచక్రం మీద ఓసారి, ఎందుకంటే గేరు మారితే ట్రైనరు లోపలి బరువు చక్రం వేగం మారుతుంది, కొన్ని ట్రైనర్ల అంకె అక్కడే తొట్రుపడుతుంది. పదిహేను సెకన్ల దూకుడు ఒకటి. ఆఖర్న వదిలేయకుండా అరగంట నిలకడగా తొక్కితే వేడికి అంకె జారుతోందో లేదో బయటపడుతుంది.

మూడు రకాల తేడా

రెండు అంకెలూ సరిసమానంగా రావాలని ఆశించకూడదు. పెడల్ దగ్గర పెట్టిన శక్తిలో 2 నుంచి 4 శాతం దాకా చైనులోనూ పళ్లచక్రాల్లోనూ పోతుంది. చైను శుభ్రంగా ఉంటే తక్కువ, తుప్పుపట్టి మురికి పట్టి ఉంటే ఎక్కువ. ట్రైనరు 100, 150, 200, 250 అన్నప్పుడు పెడల్ 102, 153, 204, 255 అందంటే అంతా సవ్యమే. ట్రైనరే పెడల్‌కంటే ఎక్కువ చూపించిందంటే రెండింటిలో ఒకటి కచ్చితంగా తప్పు చెబుతోంది. చైనులోంచి శక్తి పుట్టదు కదా.

పెడల్ 111, 162, 213, 264 అందనుకోండి. రావలసినదానికంటే ప్రతిచోటా తొమ్మిదే ఎక్కువ. ఇది సున్నా తప్పు. సున్నా ఒక్క న్యూటన్ మీటరు జరిగితే 90 చుట్ల దగ్గర 9.4 వాట్లు అదనంగా వస్తాయి, తేలిగ్గా తొక్కినా గట్టిగా తొక్కినా అంతే. మళ్లీ సున్నా చేస్తే పోతుంది. వాకింగ్ స్థాయిలో తొక్కేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ, ఎందుకంటే వంద వాట్లలో తొమ్మిదంటే దాదాపు పదో వంతు.

అదే పెడల్ 107, 161, 214, 268 అంటే తేడా తీరు వేరు. వాట్లతోపాటు పెరుగుతూ పోయింది, అన్నిచోట్లా 5 శాతమే. ఇది కొలబద్ద తప్పు. సున్నా చేస్తే పోదు. క్రాంకు పొడవు సరిగా ఉందేమో చూసి, ప్లేటు పరీక్ష చేసి, అప్పటికీ పోకపోతే కంపెనీకి పంపాలి. కొన్ని మీటర్లలో దాన్ని మనమే సర్దే వీలుంటుంది.

మూడోది మొండిది. ఇవాళ మూడు ఎక్కువ, రేపు ఆరు తక్కువ, వేడెక్కితే ఒకటి, చల్లబడితే మరొకటి. బోల్టు వదులై ఉండొచ్చు, బ్యాటరీ అయిపోవస్తుండొచ్చు, గేజు అతుకు ఊడుతుండొచ్చు. నూటికి ఐదు తప్పు చూపించే మీటరుకంటే దీనివల్లే నష్టమెక్కువ. ఐదు నిమిషాలు ముందు నడిచే గోడ గడియారంతో ఏళ్ల తరబడి బస్సు అందుకోవచ్చు. ఒకరోజు ముందు, ఒకరోజు వెనక నడిచే గడియారాన్ని మాత్రం గోడ దించాల్సిందే.

ఉక్కలో కొలత

పరికరాల పుస్తకాలు చల్లటి దేశాల గదుల్ని తలచుకుని రాసినవి. మన వేసవిలో మూసిన గదిలో తొక్కుతుంటే ఒంటిమీంచి చెమట ధార కట్టి నేరుగా క్రాంకు మీద, బోల్టుల మీద పడుతుంది. ఉప్పుచెమటకు తోడు ఉప్పుగాలి. నెల తిరిగేసరికి పెడల్ ఇరుసు దగ్గర తెల్లటి పొడి పేరుకుంటుంది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టడం కొలతకు సంబంధించిన పనే గానీ శుభ్రత ముచ్చట కాదు.

వేడికి లోహం సాగుతుంది, గేజు సున్నా జరుగుతుంది. ఏసీ గదిలోంచి సైకిలును వరండాలోకి తెచ్చి వెంటనే సున్నా చేస్తే అది చల్లటి సున్నా. పావుగంట ఆగి చేయాలి. వెనక టైరును రోలరుకు ఆనించి తొక్కే చవక రకం ట్రైనర్లకు ఇంకా తంటా ఎక్కువ. టైరు వేడెక్కితే మెత్తబడుతుంది, రోలరు మీద పట్టు మారుతుంది. ప్రతిసారీ టైరులో గాలి అంతే ఉండాలి, మర అన్ని చుట్లే బిగించాలి, పదిహేను నిమిషాలు తొక్కాకే స్పిన్‌డౌన్ చేయాలి. అంటే చక్రాన్ని ఓ వేగం దాకా తిప్పి వదిలేస్తే, ఎంతసేపట్లో ఆగుతుందో చూసి ట్రైనరు తన లెక్క దిద్దుకుంటుంది. టాక్స్ నియో లాంటి వాటికి ఈ పని అక్కర్లేదు, కరెంటు పోయినా తొక్కుడులోంచే విద్యుత్తు పుట్టించుకుని నడుస్తాయి. మిగతా చాలావాటికి కరెంటు పోయిందంటే ఆ రికార్డు అక్కడితో సరి. పరీక్ష రోజున ఇన్వర్టరు మీద పెట్టుకోవడం నయం.

పందెంలోకి దిగితే

మన ఆరోగ్యం కోసం మన ఇంట్లో తొక్కుకుంటే తప్పు ఎటున్నా నష్టం మనకే. పక్కవాడితో పోటీ పడితే మాత్రం లెక్క మారుతుంది. 2014లో వచ్చిన జ్విఫ్ట్ లాంటి వేదికల మీద ప్రపంచం నలుమూలల వాళ్లు ఎవరింట్లో వాళ్లు తొక్కుతూ ఒకే తెర మీద పందెం కాస్తారు. 2020 డిసెంబరు 9న అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తొలి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ చాంపియన్‌షిప్‌ను అలాగే జరిపింది. పోటీదారులకు ఒకే మోడల్ ట్రైనర్లు సమకూర్చారు. మహిళల్లో దక్షిణాఫ్రికాకు చెందిన యాష్లీ మూల్మన్-పాసియో, పురుషుల్లో జర్మన్ జేసన్ ఆస్బార్న్ గెలిచారు. ఆస్బార్న్ అసలు పడవ పందేల మనిషి. టోక్యో ఒలింపిక్స్‌లో రోయింగ్‌లో రజతం తెచ్చాడు. గదిలో తొక్కిన వాట్లు అతణ్ణి వృత్తి సైక్లింగ్ జట్టులోకీ చేర్చాయి.

అంకెకు ఇంత విలువ వచ్చాక మోసమూ వచ్చింది. 2019లో బ్రిటన్ తొలి ఈ-రేసింగ్ చాంపియన్ కామెరన్ జెఫర్స్ పతకాన్ని వెనక్కి తీసుకుని, ఆరు నెలలు నిషేధించి, 250 పౌండ్లు జరిమానా వేశారు. ఆటలో వేగమైన సైకిలును దక్కించుకోవడానికి ముందు కొండలెక్కాలి. ఆ ఎక్కుడంతా మనిషి తొక్కకుండా కంప్యూటర్ ప్రోగ్రాం చేసింది. వేదికకు కాళ్లు కనపడవు, సంకేతాలే కనపడతాయి. అందుకే పెద్ద పోటీల్లో రెండు వేర్వేరు పరికరాల రికార్డు అడుగుతున్నారు. 2024లో ఫైనల్‌ను అబుదాబిలో అందరినీ ఒకే చోట కూర్చోబెట్టి జరిపారు.

అసలు చిక్కు కాటా దగ్గరే ఉంది. ఈ పందేల్లో లెక్కలోకి వచ్చేది కిలో బరువుకు ఎన్ని వాట్లన్నది. 65 కిలోల మనిషి 240 వాట్లు పెడితే కిలోకు 3.69. మీటరు 5 శాతం పొగిడితే 3.88 అవుతుంది. మీటరు జోలికి పోకుండా, బరువు 62 అని మూడు కిలోలు దాచినా 3.87 వచ్చేస్తుంది. లక్ష రూపాయల మీటరు తప్పూ, బాత్రూంలో బరువు చూసుకునే మెషీను తప్పూ ఇక్కడ సమానమే. రెండూ ముద్రపడ్డ కాటా దాకా వెళ్లాల్సినవే.

నెలకోసారి చాలు

• ప్రతి తొక్కుడుకూ ముందు కాళ్లు తీసేసి, క్రాంకు చెప్పిన స్థానంలో ఉంచి సున్నా చేయాలి. వచ్చిన అంకె తేదీతో రాసుకోవాలి. అది నిలకడగా ఉన్నంతవరకు బెంగ లేదు.

• నెలకోసారి 150, 200 వాట్ల దగ్గర ట్రైనరు, పెడల్ రికార్డులు పోల్చాలి. శాతాల్లో తేడా చూడాలి.

• ఆరు నెలలకోసారి, పెడళ్లు విప్పి బిగించినప్పుడల్లా, తూచిన ప్లేటు వేలాడదీయాలి.

• యాప్ అప్‌డేట్ తర్వాత క్రాంకు పొడవు, పవర్ మ్యాచ్ సెట్టింగులు చూసుకోవాలి.

• రెండు పరికరాలు తేడా చెబితే ప్లేటు పరీక్షలో నెగ్గినదాన్నే నమ్మాలి.

ఎంత నిక్కచ్చి కావాలి?

ఇదంతా చదివాక ‘మనకంత అవసరమా’ అనిపిస్తే ఆ ప్రశ్న సరైనదే. డాక్టరు చెప్పాడని రోజూ అరగంట తొక్కేవాళ్లకు ఒక శాతం, నాలుగు శాతం తేడా పట్టించుకోనక్కర్లేదు. వాళ్లకు కావలసింది నిలకడ. గత నెల 110 వాట్లకే ఆయాసపడ్డ మనిషి ఈ నెల 120 హాయిగా తొక్కుతున్నాడంటే, మీటరు ఎప్పుడూ ఒకేలా తప్పు చెప్పినా, ఆ పదీ నిజంగా పెరిగినవే. మీటరు నిలకడ తప్పిందంటే మాత్రం ఆ పది ఒంటి బలమో, బోల్టు వదులో తేలదు.

పద్ధతిగా శిక్షణ తీసుకునేవాళ్లకు ఇంకాస్త కావాలి. గంటసేపు నిలకడగా పెట్టగల వాట్లను బట్టి వారం మొత్తం కసరత్తు లెక్క వేసుకుంటారు. తప్పు మీటరు చెప్పగా 240 ఉన్నచోట 252 అని నమ్మి, ఆ తర్వాత సరిగా చూపే మీటరుతో తొక్కితే రోజూ తాహతుకు మించి పన్నెండు వాట్లు మోయాలి. రెండు వారాల్లో కాళ్లు మొరాయిస్తాయి. అప్పుడు తిట్లు తినేది మీటరు కాదు, ‘ఈమధ్య ఒళ్లు బరువెక్కింది’ అంటూ మనల్ని మనమే తిట్టుకుంటాం. ట్రైనరు మార్చినా, సైకిలు మార్చినా పాత అంకెలు కొత్తదాంట్లో చెల్లవు. రెంటినీ ఓసారి పక్కపక్కన పెట్టి తేడా ఎంతో తేల్చుకున్నాకే ముందుకెళ్లాలి.

పందెం కాసేవాళ్లకు మాత్రం నిలకడ ఒక్కటే చాలదు, నిజం కావాలి. ఎందుకంటే అక్కడ అంకె పోల్చేది నిన్నటి మీతో కాదు, ఎక్కడో ఉన్న ఇంకో మనిషితో.

కొనేటప్పుడు కొట్లో రంగులు, కొత్త సదుపాయాల గురించి అడిగే ప్రశ్నలకు మరో రెండు చేరిస్తే సరిపోతుంది. ఈ మీటరు టార్క్‌ను విడిగా చూపిస్తుందా? తేడా వస్తే సర్దుకునే వీలుందా? ఈ రెంటికీ అవునంటే, పెట్టె మీది శాతంతో పనిలేకుండా మీ మీటరు శాతమెంతో మీరే తేల్చుకోవచ్చు. దానికయ్యే సరంజామా ఒక ఇనప ప్లేటు, ఒక పట్టీ, ఒక నోటు పుస్తకం, పరిచయమున్న కొట్లో ఐదు నిమిషాల కాటా. ప్రభుత్వ ముద్ర లేని కొలత కాబట్టి తనిఖీ బాధ్యత కొన్నవాడిదే. లక్ష పెట్టి కొన్నవాడు ఐదు నిమిషాల తూకానికి బద్ధకిస్తే, తెర మీద ఏ అంకె పడినా అడిగే హక్కు వదులుకున్నట్టే.